తన్నిన కాలు, తన్నులు తిన్న ఒళ్ళు: వాడ నుంచి చూస్తే బాబూమోహన్ హాస్యం

2025 జూలై 13న కోట శ్రీనివాసరావు చనిపోయారు. ఆ సాయంత్రం హాస్టల్ గదిలో నలుగురం కూర్చుని ఫోన్లలో ఆయన పాత సినిమాల ముక్కలు చూశాం. కోట గొప్ప నటుడు, అందులో రెండో మాట లేదు. ఆ ముక్కల్లో సగానికి సగం బాబూమోహన్ కూడా ఉన్నాడు. ఉన్నచోటల్లా తన్నులు తింటున్నాడు. కోట కాలు లేస్తుంది, బాబూమోహన్ ఎగిరి పడతాడు, మేం నవ్వుతాం. నలుగురం మాలమాదిగ వాడల నుంచి వచ్చినవాళ్ళమే. కాసేపటికి ఒక మిత్రుడు ఫోను బోర్లా పెట్టి "మనమెందుకు నవ్వుతున్నం రా?" అన్నాడు. ఎవరం జవాబు చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

తెలుగు సినిమా మీద మనవాళ్ళు రాయలేదని కాదు. 'మాలపిల్ల' (1938) మీద రాశారు. తెర మీద దళిత పాత్ర ఉంటే దాన్ని దళితేతరులే వేసుకోవడం గురించి రాశారు. హీరోల కులాల గురించి, అభిమాన సంఘాల గురించి మంచి పరిశోధనలు వచ్చాయి. కానీ ఇవన్నీ హీరో చుట్టూ తిరిగిన రాతలు. హాస్యనటుడి దగ్గరికి వచ్చేసరికి మన విమర్శకులు కూడా "కామెడీయే కదా" అని దాటేశారు. మన మనిషి ఒకడు పదేళ్ళపాటు తెర నిండా ఉన్నాడు, ఊరూవాడా ఆయన్ని ప్రేమించాయి. అలాంటివాడి మీద ఓపికగా కూర్చుని రాసిన వ్యాసం ఒక్కటి నాకు దొరకలేదు. మాదిగోడి డప్పు మీద కవిత్వం రాసినంత తేలిక కాదు ఇది. డప్పు మనకి గర్వం. తన్నులు తినే కమెడియన్ మనకి ఇబ్బంది.

బాబూమోహన్‌ది ఖమ్మం జిల్లా బీరోలు. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి, అది వదిలి సినిమాల్లోకి వెళ్ళినవాడు. ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. మన ఇళ్ళల్లో సర్కారు నౌకరి అంటే ఏంటో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక్కడికి వస్తే వంశమంతా ఆ కొమ్మ పట్టుకుని వేలాడుతుంది. దాన్ని వదిలి, కులబలం లేని మనిషి, నల్లటి మొహంతో, హీరో కాని మొహంతో మద్రాసు, హైదరాబాదు స్టూడియోల గడప తొక్కడం చిన్న సాహసం కాదు. 1991లో ముత్యాల సుబ్బయ్య తీసిన 'మామగారు'లో బిచ్చగాడి వేషం ఆయన్ని నిలబెట్టింది. అక్కడి నుంచి కోటతో జోడీ కుదిరింది. 90లలో ఆ జోడీ లేకుండా సినిమా కొనమని పంపిణీదారులు అనేంత దూరం పోయిందని చెప్పుకునేవాళ్ళు. అది ఎంత నిజమో గానీ, మా ఊళ్ళో పోస్టరు మీద ఆ రెండు మొహాలు కనిపిస్తే చాలు, టెంటు హాలు నిండేది.

ఆ జోడీ సూత్రం కొత్తదేం కాదు. 'అహ నా పెళ్ళంట' (1987)లో పిసినారి లక్ష్మీపతిగా కోట, ఆయన పనివాడు అరగుండుగా బ్రహ్మానందం ఉన్నారు. యజమాని నౌకరుని తిడుతుంటాడు, నౌకరు లోపల్లోపల యజమానిని తిట్టుకుంటుంటాడు. జంధ్యాల దాన్ని మాటల మీద నడిపాడు. తమిళంలో అదే కాలంలో గౌండమణి, సెంథిల్ జోడీ ఉంది. అక్కడ కూడా ఒకరు తన్నేది, ఒకరు తినేది. ఆ జోడీకున్న కుల లెక్క వేరు, అది తమిళ మిత్రులే చెప్పాలి. మన దగ్గర మాత్రం ఆ నౌకరు స్థానంలోకి బాబూమోహన్ రాగానే ఒక మార్పు వచ్చింది. తిట్టు తగ్గి కాలు లేచింది.

దీన్ని ఎవరైనా కొట్టిపారేయొచ్చు. "అన్నిట్లోనూ కులం వెతుకుతారు మీరు, బ్రహ్మానందం తినలేదా దెబ్బలు?" అనొచ్చు. తిన్నాడు. లెక్కలేనన్ని తిన్నాడు. కానీ జ్ఞాపకం చేసుకోండి, ఆయన ఎక్కువగా తిన్నది చెంపదెబ్బ. చెంపదెబ్బ మనిషి మొహానికి తగులుతుంది. కొట్టినవాడు ఎదురుగా నిలబడాలి, కళ్ళల్లోకి చూడాలి. తన్నుకి ఆ మర్యాద లేదు. తన్ను వెనక నుంచి వస్తుంది. మన ఊళ్ళల్లో చెయ్యికి ఒక స్థానం, కాలికి ఒక స్థానం, చెప్పుకి ఒక స్థానం ఉన్నాయి. తన కులపోణ్ణి కోపమొస్తే చెయ్యి చేసుకుంటాడు దొర. జీతగాణ్ణి కాలితోనే తంతాడు, ఎందుకంటే చెయ్యి తగిలితే అంటు. అంటరానితనం బతికిన ఊళ్ళో తన్నడమంటే తాకకుండా కొట్టే పద్ధతి. ఈ సంగతి స్క్రిప్టు రాసినవాళ్ళు ఆలోచించి రాశారని నేను అనడం లేదు. ఆలోచించకుండానే చేతికి ఆ పద్ధతి దొరికింది. దొరకడమే నా ఫిర్యాదు.

1991 అన్నాను కదా. అదే సంవత్సరం జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో ఒక సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు పొరపాటున ముందు సీట్లో కూర్చున్న రెడ్డి యువకుడికి తగిలింది. తన్నలేదు, తగిలింది. దాని మీద గొడవ, దళితుల మీద సాంఘిక బహిష్కారం, ఆగస్టు 6న ఎనిమిది మంది హత్య. శవాల్ని గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇదంతా మనకి కంఠోపాఠమే. అయితే చుండూరుని మనం రోడ్డు మీద నుంచి, పొలం నుంచి, కోర్టు నుంచి చూశాం. ఆ సినిమా హాలు నుంచి ఎప్పుడూ చూడలేదు. అక్కడ తెర మీద ఏం ఆడుతోందో నాకు అక్కర్లేదు. ఆ ఏడాది రాష్ట్రమంతా తెర మీద ఒక కాలు లేచి ఒక ఒంటి మీద పడుతుంటే హాలంతా నవ్వింది. తెర ముందు కుర్చీల్లో ఇంకో కాలు, రావలసిన దిక్కు నుంచి కాకుండా తప్పు దిక్కు నుంచి కదిలితే ఎనిమిది శవాలు లేచాయి. మొదటిది కామెడీ, రెండోది 'అహంకారం'. ఏ కాలు ఎటు కదిలితే నవ్వు, ఎటు కదిలితే నెత్తురు అన్నది ఆ హాల్లో కూర్చున్న అందరికీ ముందే తెలుసు.

దీనికి బాబూమోహన్ బాధ్యుడా అంటే కాదు. కోట కూడా కాదు. తెర బయట ఇద్దరూ స్నేహితులు. నా గొడవ ఆ ఇద్దరితో కాదు, నవ్వుతో.

నవ్వు గురించి చెప్పాలంటే నా సంగతి చెప్పక తప్పదు. మాది ఖమ్మం జిల్లాలోనే ఒక ఊరు. మా నాయిన ఒక మోతుబరి దగ్గర జీతం ఉండేవాడు. అమ్మ కూలికి పోయేది. నేను ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్నా. ఆదివారం వార్డెన్ గారి గది కిటికీలోంచి టీవీ సినిమా చూసేవాళ్ళం. సోమవారం ఇంటర్వెల్లో కోట-బాబూమోహన్ ఆట. నేను ఎప్పుడూ బాబూమోహన్‌నే. ఎవరూ నిర్ణయించలేదు, అది అట్లా జరిగిపోయేది. నల్లగా ఉంటాను, సన్నగా ఉంటాను, హాస్టల్ పిల్లగాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు బాగా వచ్చేది కూడా. మొహాన్ని ఒక పక్కకి సాగదీసి, పెదవి వేలాడేసి, మెడ ఊపుతూ మాట లాగేవాణ్ణి. తన్నగానే ఎంత దూరం దొర్లాలో తెలుసు. అందరూ నవ్వేవాళ్ళు. నాకు ఆ నవ్వు ఇష్టం. తరగతిలో నా పేరు పోయి బాబూమోహన్ అయ్యాను. ఒక సారు హాజరు పిలిచేటప్పుడు కూడా అట్లాగే పిలిచాడు. నేను సిగ్గుపడలేదు, లేచి మెడ ఊపాను.

తొమ్మిదో తరగతిలో వార్షికోత్సవానికి ఆ ఆటని స్టేజీ ఎక్కించారు. కోట వేషం మా నాయిన జీతమున్న ఇంటి పిల్లవాడిది. రిహార్సల్లో మెల్లగా తన్నేవాడు. స్టేజీ మీద జనం నవ్వేసరికి ఊపొచ్చింది, నిజంగా తన్నాడు. నేను కింద పడి, లేచి, మొహం వంకర పెట్టి మెడ ఊపాను. ఇంకా నవ్వారు. మళ్ళీ తన్నాడు. నేను లేచినప్పుడల్లా వెనక గోడ దగ్గర నిలబడ్డ మా నాయిన కనిపించేవాడు. బాబూమోహన్ సినిమా అంటే పని వదిలి పోయే మనిషి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునే మనిషి. ఆ రోజు నవ్వలేదు.

ఇంటికి పోయేటప్పుడు దారిలో చాలాసేపు మాట్లాడలేదు. చెరువు కట్ట దాటినంక అన్నాడు: "సినిమాల తంతే పైసలిస్తరు బిడ్డా. నిన్ను తన్నినందుకు ఎవలిచ్చిండ్రు?"

యూనివర్సిటీకి వచ్చాక హాస్యం మీద, సౌందర్యశాస్త్రం మీద చాలా పుస్తకాలు చదివాను. మా నాయిన ఒక్క వాక్యంలో వేసిన గీతని ఏ పుస్తకమూ నాకు అంత స్పష్టంగా వేసి చూపించలేదు. తెర మీద బాబూమోహన్ తిన్న తన్ను కూలి పని. దానికి రేటుంది, టైముంది, ఒప్పుకున్నవాడి ఇష్టం ఉంది, అందులో నైపుణ్యం ఉంది. బడిలో నేను తిన్న తన్ను వెట్టి. తరతరాలుగా మన ఒళ్ళు ఊరికే ఊరికి నవ్వు సప్లై చేసింది. సినిమా ఆ వెట్టిని పట్టుకుపోయి కూలిగా మార్చింది. కానీ హాల్లోంచి బయటికి రాగానే ఊరు దాన్ని మళ్ళీ వెట్టిగా మార్చుకుంది. ప్రతి బడిలో, ప్రతి హాస్టల్ వరండాలో ఒక నల్ల పిల్లగాడికి ఆ పేరు పెట్టింది. ఈ వ్యాసం చదివేవాళ్ళలో కూడా ఆ పేరు మోసినవాళ్ళు ఉంటారని నాకు తెలుసు.

మరి మా నాయిన బాబూమోహన్‌ని చూసి ఎందుకు నవ్వేవాడు? ఇక్కడే మన కార్యకర్త మిత్రులతో నాకు పేచీ. వాళ్ళు ఆ సినిమాలన్నీ అవమానమని ఒక్క మాటలో తేల్చేస్తారు. అవమానం ఉంది, పైన చెప్పాను. అంతే ఉందా? శబ్దం ఆపి ఆ ముక్కలు మళ్ళీ మళ్ళీ చూశాను. తన్నేదాకా సీను కోటది. తన్నిన తర్వాత సీను బాబూమోహన్‌ది. కింద పడ్డ మనిషి వెంటనే లేవడు. ముందు మొహం లేస్తుంది. ఆ మొహంలో నొప్పి కంటే ఆశ్చర్యం ఎక్కువ, 'నీకేమైంది అయ్యా, బాగానే ఉన్నావా' అన్నట్టు. తన్నినవాడికే ఏదో జబ్బు చేసిందన్నట్టు చూస్తాడు. తర్వాత దుమ్ము దులుపుకుని, తన్నకముందు ఏ మాట దగ్గర ఆగాడో సరిగ్గా ఆ మాట దగ్గరే మళ్ళీ మొదలుపెడతాడు. తన్ను వల్ల అతని మాట మారదు. కోట ఒగరుస్తుంటాడు, ఇతను నింపాదిగా ఉంటాడు. సవర్ణ ప్రేక్షకుడు చూసింది పడిపోవడాన్ని. వాడ చూసింది మళ్ళీ అదే మాట అనడాన్ని. "లేచిండు సూడు, మల్ల అదే అంటుండు!" అని మా నాయిన తొడ చరిచేది అక్కడే. ఒకే హాల్లో, ఒకే సీనుకి రెండు నవ్వులు. టిక్కెట్టు లెక్కలో రెండూ కలిసిపోయాయి.

ఈ కళ ఆయనకి ఎక్కడి నుంచి వచ్చింది? స్టూడియో నేర్పింది కాదిది. తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు మాట్లాడుతుంటే మధ్యలో కేతిగాడు దూరతాడు. తన్నులు తింటాడు, తిట్లు తింటాడు, కానీ ఊరి పెద్దల మీద మాట విసిరే హక్కు వాడొక్కడికే ఉంటుంది. మన బయలాటల్లో, భాగోతాల్లో అట్లాంటి మనిషి లేని ఆట లేదు. సినిమా ఆ మనిషిని తీసుకుంది, మాట విసిరే హక్కుని మాత్రం బయటే వదిలేయించింది. ఇది అసలు నష్టం. తన్నులు తినడం కాదు, తిరిగి అనలేకపోవడం. చాప్లిన్ వేసిన దేశదిమ్మరి కూడా దెబ్బలు తిన్నాడు. కానీ 'ద ఇమ్మిగ్రెంట్' (1917)లో అధికారి వెనక్కి తిరగ్గానే వాడి పిర్ర మీద ఒక్కటి తన్నాడు. పేదవాడి కాలు అట్లా పైకి లేవడాన్ని లోకమంతా చూసి నవ్వింది. మన రచయితలు ఇన్ని సినిమాల్లో బాబూమోహన్ కాలికి ఎంత పని చెప్పారో వెతకండి. దొరికితే నాకు చెప్పండి, సంతోషిస్తాను.

ఒక్కచోట ఆ కాలు వేరే పని చేసింది. ఎస్.వి. కృష్ణారెడ్డి తీసిన 'మాయలోడు' (1993)లో వాన పాట. తెలుగు సినిమాలో వాన పాటంటే హీరో ఆస్తి. ఎర్రటి హీరో, తడిసిన హీరోయిన్. ఈ వాన పాటలో సౌందర్య పక్కన బాబూమోహన్ ఉన్నాడు. ఆ పాట హీరోకి కాకుండా ఈయనకి ఎందుకు వచ్చిందన్న దాని మీద సినిమావాళ్ళు చెప్పుకునే కథలు వేరే ఉన్నాయి, వాటి జోలికి పోను. నేను చూసేది పాటని. అందులో ఆయన్ని ఎవరూ తన్నరు. స్టెప్పులు వేస్తాడు, బాగా వేస్తాడు, నవ్వించాలని చూస్తూనే ఒక్కోచోట నవ్వించడం మర్చిపోయి ఉత్తినే ఆనందంగా ఆడతాడు. సౌందర్య కూడా ఎగతాళిగా కాకుండా సమానంగా ఆడింది, ఆమెకి దండం పెట్టాలి. పాట రాష్ట్రమంతా మోగింది. నల్ల మనిషి వానలో తడిస్తే తెలుగు ప్రేక్షకుడు ఒప్పుకోడన్నది ఎవరి సిద్ధాంతమో గానీ జనం ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది పరిశ్రమ. ఆ పాట తర్వాత కూడా ఆయన్ని పాత జాగాకే, ఆ కాలి కిందికే పంపింది.

ఇక రాజకీయం. 1998 ఉప ఎన్నికలో తెలుగుదేశం తరఫున మెదక్ జిల్లా ఆందోల్ ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి గెలిచాడు. 1999లో మళ్ళీ గెలిచాడు, చంద్రబాబు నాయుడు మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యాడు. అదే 1999లో కోట శ్రీనివాసరావు బీజేపీ తరఫున విజయవాడ తూర్పు నుంచి గెలిచారు. అంటే 2004 దాకా తన్నినాయన, తన్నులు తిన్నాయన ఒకే శాసనసభలో కూర్చున్నారు. తన్నులు తిన్నాయన మంత్రి, తన్నినాయన మామూలు సభ్యుడు. ఏ డైరెక్టరూ రాయని సీను అది. అంబేద్కర్ సాధించిన రిజర్వుడు నియోజకవర్గం రాసింది. తర్వాత 2014లో టీఆర్ఎస్ తరఫున అక్కడే గెలిచాడు, అప్పటిదాకా ఉప ముఖ్యమంత్రిగా ఉన్న దామోదర రాజనరసింహని ఓడించి. 2018 నుంచి పార్టీలు మారాడు, గెలుపు రాలేదు. మంత్రిగా, ఎమ్మెల్యేగా దళితులకి ఏం చేశాడన్న లెక్క ఈ వ్యాసం పని కాదు, అది తీయాల్సినవాళ్ళు గట్టిగానే తీయాలి. కానీ ఒక సంగతి మాత్రం నాకు గుర్తుంది. మా ఊళ్ళో పెద్దకులాలవాళ్ళు "బాబూమోహన్ మంత్రంట!" అని నవ్వుకున్నారు. సినిమాలో నవ్విన నవ్వే, దానికి కొనసాగింపే. కోట ఎమ్మెల్యే అయితే ఆ నవ్వు రాలేదు. నటుడు రాజకీయాల్లోకి రావడం వాళ్ళకి వింత కాదు. ఎన్టీ రామారావుని చూసినవాళ్ళే. వింత ఏంటంటే, కాలి కింద ఉండాల్సినవాడు కుర్చీలో కూర్చోవడం. కొన్నాళ్ళకి నవ్వు తగ్గింది. పెన్షన్ కాగితం మీద సంతకం కావాల్సి వచ్చేసరికి మంత్రిగారి మనుషులు ఎవరని అడగడం మొదలైంది.

ఇప్పుడు టీవీ కామెడీ షోలు, ఫోన్లలో పది సెకన్ల ముక్కలు. ఆ సినిమాల పేర్లు తెలియని పిల్లలు కూడా తన్నే ముక్కని పంపుకుంటున్నారు. పది సెకన్లలో తన్ను పడుతుంది, లేచి మాట మొదలుపెట్టేది పడదు. అంటే ఆయన కళని కోసి, అవమానాన్ని మాత్రం దాచారు. ఆయన వేసిన వేషాల్ని మనవాళ్ళు ఎవరైనా వరసగా కూర్చి, సీను మొదలు నుంచి చివరిదాకా చూసి రాయాలి. ఏ రచయిత, ఏ డైరెక్టరు, ఏ సినిమాలో ఎన్ని తన్నులు, లేచాక ఏమన్నాడు. నేను మొదలుపెట్టాను, కానీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

మా నాయిన ఇప్పుడు జీతం మానేశాడు, మోకాళ్ళు పోయినయి. తమ్ముడు ఫోను కొనిచ్చాడు. బాబూమోహన్ అంటే ఇప్పటికీ ఇష్టమే. మొన్న ఇంటికి పోయినప్పుడు మంచం మీద పక్కన కూర్చుని చూశా. తన్నే ముక్క వస్తే వేలితో పైకి తోసేస్తున్నాడు. వాన పాట వస్తే ఆగుతున్నాడు.